యుబారి: లక్షా 16 వేల నుంచి 7 వేలకు.. బొగ్గు పోయాక ఓ ఊరు ఎలా దివాలా తీసింది? సింగరేణి ప్రాంతాలకు ఇందులో ఏముంది?

ఊరు దివాలా తీస్తుందా? కంపెనీలు దివాలా తీయడం తెలుసు. వ్యాపారులు ఐపీ పెట్టడం తెలుసు. కానీ మున్సిపాలిటీయే చేతులెత్తేస్తే? జపాన్‌లోని యుబారిలో జరిగింది ఇదే. 2007లో దివాలా తీసిన ఈ బొగ్గు పట్టణం అప్పటి నుంచీ అప్పు కడుతూనే ఉంది. ప్లాన్ ప్రకారం 2027 మార్చితో ఆ బాకీ తీరాలి. అంటే ఇరవై ఏళ్లు. అప్పు చేసిన తరం వేరు, తీర్చిన తరం వేరు.

ఇంతకీ ఈ ఊరికి ఏమైంది? బొగ్గు అయిపోయిందా? డబ్బులెవరైనా తినేశారా? రెండూ పూర్తి నిజం కాదు. అసలు కథ జనాభా లెక్కల్లో ఉంది. ఖాళీ అయిపోతున్న ఊరిని నిలబెట్టే ఖర్చు ఎవరిది అన్న ప్రశ్నలో ఉంది. బొగ్గు బావుల పక్కన పెరిగిన తెలుగు ఊళ్లకు ఈ ప్రశ్న కొత్తేం కాదు.

బొగ్గు కోసమే పుట్టిన ఊరు

యుబారి ఉన్నది జపాన్ ఉత్తరాన హొక్కైడో దీవిలో. ఆ దీవిలో పెద్ద నగరం సపోరోకు తూర్పున సుమారు 60 కిలోమీటర్ల దూరం. చుట్టూ కొండలు, చలికాలమంతా మంచు. వ్యవసాయానికి పెద్దగా వీలులేని ఇరుకు లోయ. బొగ్గు లేకపోతే అక్కడ అంత పెద్ద ఊరు వెలిసే అవకాశమే లేదు.

1888లో ఇక్కడ భారీ బొగ్గు పొర బయటపడింది. 1890లో హొక్కైడో బొగ్గు, రైల్వే కంపెనీ గని తవ్వడం మొదలుపెట్టింది. స్థానికంగా ఈ కంపెనీని హొకుటాన్ అంటారు. 1892 కల్లా రైలు వచ్చేసింది. ముందు గని, తర్వాత రైలు, ఆ తర్వాత ఊరు.

ఇక్కడి బొగ్గు మామూలు రకం కాదు. ఉక్కు తయారీకి పనికొచ్చే మేలు రకం కోకింగ్ బొగ్గు. అందుకే గిరాకీ ఎప్పుడూ తగ్గలేదు. 1943లో యుబారికి నగర హోదా వచ్చింది. యుద్ధం రోజుల్లో కొరియా, చైనాల నుంచి బలవంతంగా తెచ్చిన కూలీలతోనూ ఈ ప్రాంతం గనుల్లో పని చేయించారు. ఆ చరిత్ర కూడా ఈ బొగ్గు కిందే ఉంది.

ఉత్పత్తి జోరుగా ఉన్న రోజుల్లో ఊరి చుట్టూ 24 గనులు పని చేసేవి. 1960లో జనాభా 1,16,908కి చేరింది. యుబారి చరిత్రలో అదే గరిష్ఠం.

కంపెనీయే ఊరు.. ఊరే కంపెనీ

గని కార్మికుడికి ఇల్లు కంపెనీదే. నీళ్లు కంపెనీవే. ఆస్పత్రి కంపెనీదే. స్నానాల గదులు, చలికాలం పొయ్యిలోకి బొగ్గు.. అన్నీ ఉచితంగానో, నామమాత్రపు ధరకో అందేవి. కొండవాలు పొడవునా వరుసలు వరుసలుగా క్వార్టర్లు. ఒక్కో గని చుట్టూ ఒక్కో కాలనీ, దానికో బజారు, ఓ బడి.

కొత్తగూడెంలోనో, గోదావరిఖనిలోనో పెరిగిన వాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కాలరీ ఊళ్ల తీరు ఎక్కడైనా ఒకటే. సౌకర్యాలన్నీ ఉంటాయి. కాకపోతే వాటికి యజమాని ఊరు కాదు, గని.

గని నడిచినంత కాలం ఈ తేడా ఎవరికీ కనిపించదు. గని ఆగిన రోజే తెలుస్తుంది.

లెక్కల్లో పతనం

1960 తర్వాత జపాన్ ఇంధన విధానం మారింది. బొగ్గు నుంచి పెట్రోలియం వైపు మళ్లింది. విదేశాల నుంచి ఓడల్లో వచ్చే బొగ్గు దేశంలో లోతుగా తవ్వి తీసే బొగ్గు కంటే చౌకగా దొరకడం మొదలైంది. అక్కడి నుంచి గనులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. గనితో పాటే కాలనీలు ఖాళీ అయ్యాయి.

యుబారి జనాభా ఎలా పడిపోయిందో చూడండి. 1960 అంకె నగర రిజిస్టర్‌లోది. మిగతావి జనాభా లెక్కల్లోవి.

• 1960: 1,16,908
• 1970: 69,871
• 1980: 41,715
• 1990: 20,969
• 2000: 14,791
• 2010: 10,922
• 2020: 7,334

అరవై ఏళ్లలో వందకు 94 మంది తగ్గిపోయారు. ఇందులో ఓ విషయం గమనించాలి. ఊరు ఒక్క దెబ్బకు కూలిపోలేదు. 1960 నుంచి 1990 దాకా ప్రతి పదేళ్లకూ దాదాపు మూడో వంతు నుంచి సగం దాకా జనం తగ్గుతూ వచ్చారు. 1990లో చివరి గని కూడా మూతపడింది. ఆ తర్వాత పోయింది ఎక్కువగా గని కార్మికులు కాదు. వాళ్ల మీద ఆధారపడ్డ కొట్లవాళ్లు, టీచర్లు, చదువు పూర్తి చేసుకున్న పిల్లలు.

వెళ్లిపోయింది ఎవరు? వయసులో ఉన్నవాళ్లు. మిగిలింది ఎవరు? ఎక్కువగా పెద్దవాళ్లు. ఇప్పుడు యుబారి జనాభాలో సగానికి పైగా 65 ఏళ్లు దాటినవాళ్లే. అంటే పన్ను కట్టేవాళ్లు తగ్గారు, వైద్యం అవసరమైనవాళ్లు పెరిగారు. ఏ మున్సిపాలిటీకైనా ఇంతకంటే కష్టమైన లెక్క ఉండదు.

కొన్ని కాలనీలైతే మ్యాప్‌లో నుంచే పోయాయి. ఒకప్పుడు వేలమంది బతికిన ఓయుబారి ప్రాంతంలో కొంత భాగం ఇప్పుడు 2015లో పూర్తయిన యుబారి షుపారో డ్యామ్ నీళ్ల కింద ఉంది. ముంపు ఊళ్ల సంగతి తెలిసిన తెలుగు వాళ్లకు ఆ బాధ ఏంటో అర్థమవుతుంది.

1981: గనిలోకి నీళ్లు వదిలిన రోజు

యుబారి ప్రమాదాలు చూడని ఊరు కాదు. 1914లో వకనబె గనిలో జరిగిన పేలుడులో 400 మందికి పైగా చనిపోయారు. కానీ ఊరి తలరాత మార్చింది మాత్రం 1981 ప్రమాదం.

ఆ ఏడాది అక్టోబర్ 16న హొకుటాన్ కంపెనీకి చెందిన యుబారి కొత్త గనిలో గ్యాస్ ఒక్కసారిగా ఎగదన్నింది. తర్వాత మంటలు లేచాయి. లోపల ఇంకా ఆచూకీ దొరకని కార్మికులున్నారు. మంటలు ఆగడం లేదు. చివరికి గనిలోకి నీళ్లు వదలాలని కంపెనీ నిర్ణయించింది. దానికి కుటుంబాల ఒప్పుకోలు అడిగారు. ఒప్పుకోవడమంటే తమవాడు ఇక తిరిగి రాడని ఒప్పుకోవడమే. ఈ ప్రమాదంలో మొత్తం 93 మంది చనిపోయారు.

కొన్ని వారాలకే ఆ గని నడిపే కంపెనీ కుప్పకూలింది. 1982లో గని మూతపడింది. ఉన్నవాటిలో కొత్తది, పెద్ద ఆశలు పెట్టుకున్నది ఈ గనే. అది పోయాక మిగిలినవి ఎక్కువ కాలం నిలవలేదు. 1990లో మిత్సుబిషికి చెందిన మినామి ఓయుబారి గని మూతతో యుబారిలో బొగ్గు తవ్వకం చరిత్రలో కలిసిపోయింది.

గని పోయింది.. బిల్లు మిగిలింది

అసలు సమస్య ఇక్కడ మొదలైంది. కంపెనీలు వెళ్లిపోయాయి. క్వార్టర్లలో జనం ఉన్నారు. వాళ్లకు నీళ్లు కావాలి, ఆస్పత్రి కావాలి, రోడ్లు కావాలి. ఎవరిస్తారు?

మున్సిపాలిటీ ఇచ్చింది. కంపెనీ వదిలేసిన వేల క్వార్టర్లను కొన్నది. నీటి సరఫరా తీసుకుంది. ఆస్పత్రి తీసుకుంది. కొత్త ఇళ్లు, రోడ్లు, బడులు కట్టింది. గనుల మూత తర్వాతి పనులకే దాదాపు 5,830 కోట్ల యెన్లు ఖర్చయింది. ఇందులో చాలా భాగం అప్పే.

ఇది దుబారానా? ఒక్కసారి ఆ ఊరి మేయర్ కుర్చీలో కూర్చుని ఆలోచిస్తే సమాధానం అంత తేలిక కాదు. ఉన్నపళంగా వేల కుటుంబాలకు నీళ్లు ఆపేయలేరు కదా. పైగా ఆ రోజుల్లో గనుల ప్రాంతాలకు కేంద్రం ప్రత్యేక సాయం ఇచ్చేది. దాని ధీమాతోనే అప్పులు పెరిగాయి.

అదే సమయంలో 'బొగ్గు గని నుంచి టూరిజానికి' అనే నినాదం వచ్చింది. 1980లలో బొగ్గు చరిత్ర గ్రామం పేరుతో మ్యూజియం, అమ్యూజ్‌మెంట్ పార్క్ కట్టారు. స్కీయింగ్ రిసార్టు వచ్చింది, హోటళ్లు వచ్చాయి. 1990లో మొదలైన అంతర్జాతీయ ఫెంటాస్టిక్ ఫిల్మ్ ఫెస్టివల్‌కు మంచి పేరే వచ్చింది. అప్పట్లో యుబారిని దేశమంతా మెచ్చుకుంది. గని పోయినా లేచి నిలబడిన ఊరు అన్నారు.

కొన్నాళ్లు టూరిస్టులు వచ్చారు. తర్వాత జపాన్ ఆర్థిక బుడగ పగిలింది. టూరిస్టులు తగ్గారు. రిసార్టు నడిపిన ప్రైవేటు కంపెనీ 2002లో తప్పుకుంది. ఉద్యోగాలు పోతాయన్న భయంతో దాన్ని కూడా మున్సిపాలిటీయే కొనేసింది. అంటే గని కంపెనీ విషయంలో జరిగిందే మళ్లీ జరిగింది. వెళ్లిపోయేవాడి బరువు ఊరే ఎత్తుకుంది.

దీనికి తోడు బొగ్గు ప్రాంతాల అభివృద్ధి కోసం ఉన్న ప్రత్యేక చట్టం గడువు 2001లో ముగిసింది. సాయం ఆగింది. అప్పు ఆగలేదు.

అప్పు కనపడకుండా ఎలా ఉంచారు?

ఇంత అప్పు పేరుకుంటుంటే ఏళ్ల తరబడి ఎవరికీ ఎందుకు తెలియలేదు? కారణం లెక్కల్లోని ఓ వెసులుబాటు.

జపాన్‌లో ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. కానీ పాత ఏడాది పద్దులు సర్దుకోవడానికి మే నెలాఖరు దాకా టైమ్ ఉంటుంది. ఈ రెండు నెలల్లో కొత్త ఏడాది ఖాతా డబ్బును పాత ఏడాది ఖాతాకు అప్పుగా చూపిస్తే, పాత పద్దులో లోటు మాయమైపోతుంది. మధ్యలో బ్యాంకుల నుంచి తాత్కాలిక రుణాలు. వచ్చే ఏడాది మళ్లీ అదే ఆట. ఓ జేబులో డబ్బు తీసి ఇంకో జేబులో పెట్టి 'రెండూ నిండుగానే ఉన్నాయి' అని చూపించడం లాంటిదన్నమాట.

2006లో ఈ ఆట బయటపడింది. 2007 మార్చిలో యుబారి అధికారికంగా ఆర్థిక పునర్నిర్మాణ సంస్థగా మారింది. మామూలు మాటల్లో చెప్పాలంటే దివాలా. తీర్చాల్సిన లోటు 3,530 కోట్ల యెన్లు. ఇవాళ్టి మారకం రేటులో సుమారు 2 వేల కోట్ల రూపాయలు. అప్పటికి ఊళ్లో ఉన్నది సుమారు 13 వేల మంది. పసిపిల్లాడి నుంచి పండు ముసలి దాకా తలకు 27 లక్షల యెన్ల అప్పు.

గమనించాల్సింది ఇదే. లక్ష మంది కోసం కట్టిన ఊరి ఖర్చు చివరికి 13 వేల మంది నెత్తిన పడింది. వెళ్లిపోయినవాళ్లు అప్పును వెంట తీసుకుపోరు. ఉన్నవాళ్లకే వదిలి వెళ్తారు.

'ఎక్కువ భారం.. తక్కువ సేవలు'

ఆ తర్వాత ఊరిని ఎలా నడిపారు? 'దేశంలోనే అత్యధిక భారం, అత్యల్ప సేవలు' అని యుబారి గురించి జపాన్‌లో ఓ మాట స్థిరపడింది. అక్షరాలా అదే జరిగింది.

• పన్నులు, మురుగునీటి ఛార్జీలు పెరిగాయి. చెత్త తీసుకెళ్లడానికీ డబ్బులు కట్టాల్సి వచ్చింది.
• మున్సిపాలిటీ ఉద్యోగులు సగానికి పైగా తగ్గిపోయారు. మిగిలినవాళ్ల జీతాలకు కోత పడింది.
• 171 పడకల మున్సిపల్ ఆస్పత్రి 19 పడకల క్లినిక్ అయింది.
• ప్రాథమిక పాఠశాలలన్నీ కలిపి ఒక్కటి చేశారు. ఆ పై స్థాయి బడులదీ అదే దారి.
• చాలా ప్రజా సౌకర్యాలు మూతపడ్డాయి.

2011లో 30 ఏళ్ల నవోమిచి సుజుకి మేయర్‌గా గెలిచారు. అప్పట్లో దేశంలోనే అతి చిన్న వయసు మేయర్లలో ఆయన ఒకరు. జీతంలో 70 శాతం కోత. చేతికొచ్చేది నెలకు 2 లక్షల 60 వేల యెన్ల లోపే. దూరదూరంగా విసిరేసినట్టున్న కాలనీల నుంచి జనాన్ని ఊరి మధ్యకు తీసుకురావడం ఆయన ప్లాన్‌లో ముఖ్యమైంది. యుబారి విస్తీర్ణం 763 చదరపు కిలోమీటర్లు. అంత ప్రాంతంలో చెదిరి ఉన్న కొద్దిమందికి పైపులైన్లు వేయడం, మంచు ఊడ్చడం ఎంత ఖర్చో ఊహించుకోవచ్చు.

రైలు విషయంలో ఆయన తీసుకున్న నిర్ణయం ఇప్పటికీ చర్చలో ఉంది. నష్టాల్లో ఉన్న యుబారి బ్రాంచ్ లైన్‌ను రైల్వే కంపెనీ ఎలాగూ ఎత్తేస్తుందని లెక్కేసి, 2016లో తానే ముందు వెళ్లి 'మూసేయండి, బదులుగా బస్సులకు సాయం చేయండి' అని అడిగారు. 16 కిలోమీటర్ల ఆ లైన్‌లో 2019 మార్చి 31న చివరి రైలు నడిచింది. 1892లో బొగ్గు కోసం వచ్చిన రైలు 127 ఏళ్లకు వెళ్లిపోయింది. అదే ఏడాది సుజుకి హొక్కైడో గవర్నర్ అయ్యారు.

ఊరి చేతిలో ఉన్న రిసార్టు, హోటళ్లను 2017లో ప్రైవేటుకు అమ్మేశారు. అవి తర్వాత ఇంకొకరి చేతికి మారాయి. కరోనా దెబ్బకు ఆ సంస్థ కూడా మునిగింది. టూరిజంతో ఊరు బతుకుతుందన్న కల అలా రెండోసారి చెదిరింది.

మరి ఊళ్లో ఏం మిగిలింది?

యుబారి పేరు చెబితే ఇవాళ జపాన్‌లో చాలామందికి గుర్తొచ్చేది బొగ్గు కాదు, కర్బూజా. నారింజ రంగు గుజ్జుతో ఉండే యుబారి మెలన్‌కు అక్కడ మహా గిరాకీ. 2019లో సీజన్ తొలి వేలంలో రెండు కాయలు 50 లక్షల యెన్లు పలికాయి. అది పబ్లిసిటీ రేటే అయినా, గనుల కాలంలోనే కొందరు రైతులు పట్టుబట్టి పెంచిన పంట ఇప్పుడు ఊరికి పేరు నిలబెడుతోంది. మున్సిపాలిటీ అప్పులు చేసి కట్టిన పార్కులు పోయాయి. రైతులు నిదానంగా పెంచుకున్న పంట నిలిచింది.

ఊరి జనం తమ కష్టం మీద తామే జోకులేసుకున్నారు కూడా. జపనీస్‌లో 'ఫుసాయ్' అంటే అప్పు, 'ఫుసాయ్' అంటే భార్యాభర్తలు. ఈ మాటతో ఆడుకుంటూ 'యుబారి ఫుసాయ్' అనే జంట బొమ్మను తయారు చేశారు. డబ్బు లేదు గానీ ప్రేమ ఉందన్నది దాని సారాంశం.

ఇది యుబారి ఒక్కదాని కథ కాదు. జపాన్‌లో నగర హోదా ఉన్నవాటిలో అతి తక్కువ జనాభా ఉన్నది ఉటాషినాయ్. దాని తర్వాత యుబారి. రెండూ హొక్కైడోలోని బొగ్గు ఊళ్లే.

సింగరేణి ఊళ్లకు ఇందులో ఏముంది?

తెలంగాణలో బొగ్గు కథ ఇల్లందు దగ్గర మొదలైంది. 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ అక్కడ బొగ్గు ఉందని గుర్తించారు. 1889లో తవ్వకం మొదలైంది. అంటే యుబారికి, ఇల్లందుకు వయసులో తేడా ఒక్క ఏడాదే. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది.

1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు ఆ సంఖ్య 40 వేల దరిదాపుల్లో ఉంది. బొగ్గు ఉత్పత్తి తగ్గలేదు, పెరిగింది. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్ కాస్టులు వచ్చాయి, మనుషుల స్థానంలో యంత్రాలు వచ్చాయి. బెల్లంపల్లిలో ఒకప్పుడు వరుసగా నడిచిన బావులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. బొగ్గు ఉన్నా ఊరు తగ్గిపోవచ్చని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

అలాగని యుబారి గతే పడుతుందని చెప్పడం తొందరపాటు. తేడాలున్నాయి. యుబారి గనులు ప్రైవేటు కంపెనీలవి, ఒక్కటి కూలితే అడిగే నాథుడు లేడు. సింగరేణి ప్రభుత్వ సంస్థ. 51 శాతం వాటా రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. జైపూర్‌లో 1,200 మెగావాట్ల థర్మల్ కేంద్రం కట్టింది, సోలార్‌లోకి వచ్చింది. ఒక ఏరియాలో బావి మూతపడితే కార్మికుడిని ఇంకో ఏరియాకు బదిలీ చేస్తుంది. ఉద్యోగం పోదు.

కానీ బదిలీ అయ్యేది కార్మికుడే, ఊరు కాదు. కార్మికుడితో పాటు అతని జీతం వెళ్లిపోతుంది. కిరాణా కొట్టు, టిఫిన్ సెంటర్, టైలర్ షాపు, ప్రైవేటు బడి అక్కడే ఉండిపోతాయి. వాళ్లు సింగరేణి ఉద్యోగులు కారు కాబట్టి ఏ లెక్కలోనూ కనపడరు.

గని మూసేటప్పుడు ఏం చేయాలో మన దగ్గర నిబంధనలున్నాయి. 2009 నుంచి ప్రతి బొగ్గు గనికీ మూసివేత ప్లాన్, దానికి విడిగా ఎస్క్రో ఖాతాలో డబ్బు తప్పనిసరి. అయితే అందులో ప్రధానంగా ఉండేది భూమిని చదును చేయడం, మొక్కలు పెంచడం, భద్రత. గని పోయాక ఊరికి నీళ్లెవరివ్వాలి, ఏరియా ఆస్పత్రి ఎవరు నడపాలి, క్వార్టర్లు ఎవరివి అన్న లెక్క మాత్రం అంత స్పష్టంగా ఉండదు. 2015లో వచ్చిన జిల్లా మినరల్ ఫౌండేషన్ నిధులు గని నడిచినంత కాలమే వస్తాయి. గని ఆగితే అవీ ఆగుతాయి. అంటే వాటిని వాడుకోవాల్సింది ఇప్పుడే, బొగ్గు లారీలు తిరుగుతున్నప్పుడే.

యుబారి అనుభవం చెప్పేది రెండు ముక్కల్లో ఇదీ. ఒకటి, బొగ్గు పోవడం వల్ల ఊరు చిన్నదవుతుంది. కానీ ఊరు దివాలా తీసేది ఆ బిల్లు ఎవరిదో ముందే తేల్చుకోకపోవడం వల్ల. రెండు, తగ్గుతున్న జనాభాను ఒప్పుకోకుండా పెద్ద పెద్ద కట్టడాలతో కప్పిపుచ్చాలని చూస్తే ఆ కట్టడాలే కొత్త అప్పవుతాయి.

2027లో అప్పు తీరాక యుబారికి కొంత ఊపిరి ఆడుతుంది. సొంతంగా ఓ బడ్జెట్ వేసుకునే స్వేచ్ఛ వస్తుంది. కానీ ఆ డబ్బు ఖర్చు పెట్టుకోవడానికి ఊళ్లో ఎంతమంది మిగులుతారన్నదే అసలు ప్రశ్న. అప్పు తీర్చడానికి బడులు, ఆస్పత్రి తగ్గించారు. అవి తగ్గినందుకు ఇంకొన్ని కుటుంబాలు వెళ్లిపోయాయి. ఇల్లందు, బెల్లంపల్లి లాంటి చోట్ల ఇంకా టైమ్ ఉంది. మూతపడబోయే ప్రతి బావికీ మట్టి లెక్కతో పాటు ఊరి లెక్క కూడా రాయమని అడగాల్సింది ఇప్పుడే. బావి మూతపడ్డాక అడిగితే జవాబు చెప్పడానికి ఎదురుగా ఎవరూ ఉండరు.